సాపు గీత, ఒక్క కుర్చీ

కళ్ళద్దాల షాపాయనకి ఒక ఊతపదం ఉంది. కొత్త అద్దాలు పెట్టుకుని, మెట్టు ఎక్కడుందో తెలియక తూలుతూ ఎవరైనా తిరిగొస్తే, ఆయన ఆ ఫ్రేము తీసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ అదే ముక్కు మీద పెట్టి, "కొత్త కదండీ, అలవాటైపోతుంది" అంటాడు. తప్పు అద్దం పడినా అదే మాట, పక్కవాళ్ళ అద్దం పడినా అదే మాట. ఈ ఒక్క ముక్క మీదే ఆ షాపు ఇన్నేళ్ళుగా నడుస్తోంది.

అలాంటి మనిషికి బేస్ పిచ్చి, అంటే పాటలో అడుగున దుమ్‌దుమ్‌మనే చప్పుడు పిచ్చి పట్టింది. ఆ చప్పుడు కోసమే చేసిన సబ్‌వూఫర్ అనే స్పీకరు ఒకటి కొన్నాక ఇంట్లోవాళ్ళు పిచ్చి కుదిరిందనుకున్నారు. రోకలి తలకి చుట్టమన్నట్టు ఆయన రెండోదీ తెచ్చాడు. దాని వెనకాలే డీఎస్పీ అని ఒక చిన్న నల్ల పెట్టె వచ్చింది.

సంగతేమిటంటే, ఆ దుమ్‌దుమ్‌లు గదిలో అన్నిచోట్లా ఒకేలా వినపడవు. గోడలకి కొట్టుకుని తిరిగొచ్చి మూలల్లో పోగుపడతాయి, కొన్నిచోట్ల ఒకదాన్నొకటి మింగేస్తాయి. మైకు పెట్టి కొలిస్తే, చప్పుడు ఎక్కడ ఉబ్బిందో ఆ పెట్టె కనిపెడుతుంది. పాటని అంకెలుగా మార్చి, ఉబ్బిన మేరకు కోసేసి, చప్పుడు హెచ్చుతగ్గుల్ని ఫోన్లో చూపించే వంకర గీతని సాపు చేస్తుంది. ఇంట్లో ఎవరెవరు ఎక్కడ కూర్చుంటారో ఆ చోట్లన్నీ కొలవమని పెట్టెతో వచ్చిన కాగితం చెప్పింది. ఆయన శ్రద్ధగా కొలిచాడు. తన కుర్చీలో తల నిటారుగా ఉంటే ఒకసారి, కుడికి వాలిస్తే ఒకసారి, ఎడమకి వాలిస్తే ఒకసారి, కునుకు పడితే తల ఎక్కడికి జారుతుందో అక్కడ ఇంకోసారి. మైకు సోఫా దరిదాపులకి పోలేదు.

"అందరికీ సర్దబోతే గీత పాడవుతుంది" అన్నాడు.

ఆ సోఫాలో గోడ మూలనున్న సీటు ఆయన భార్యది. ఆవిడ ఉద్యోగం ఫోన్లో ఫిర్యాదులు వినడం. పొద్దుటినుంచీ చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని ముక్కూ మొహం తెలియనివాళ్ళ చేత తిట్లు తింటుంది. సాయంత్రం మొగుడి పక్కన కూర్చుని, మనుషులు మెల్లగా మాట్లాడుకునే సినిమా ఒకటి చూడాలన్నది ఆవిడ కోరిక. అదేమీ గొంతెమ్మ కోరిక కాదు.

"ఏమండీ, మాటలు వినపడట్లేదు. గోడ ఒక్కటే మాట్లాడుతోంది" అంది ఆవిడ.

ఆయన ఫోను ఆవిడ ముక్కు ముందు పెట్టాడు. "ఈ గీత చూడు, ఎంత నున్నగా ఉందో! లోపం ఎక్కడుందో చెప్పు?"

"నా తలకాయలో ఉంది. దిమ్మెక్కిపోతోంది."

"కొత్త కదా, అలవాటైపోతుంది."

పక్కగదిలోంచి అత్తగారు, అంటే ఆవిడ తల్లి, అందుకుంది. "గీత బాగానే ఉంది బాబూ. నా కట్టుడుపళ్ళే గ్లాసులో వాటంతటవి నములుతున్నాయి."

చెప్పీ చెప్పీ ఆవిడ నోరు నొప్పెట్టింది. చెవిటివాడి ముందు శంఖం ఎంతకాలం ఊదుతుంది? ఓ సాయంత్రం లేచి పడగ్గదిలోకి వెళ్ళి, పొద్దంతా హెడ్‌ఫోన్లు మోసిన చెవుల్లోనే మళ్ళీ ఇయర్‌ఫోన్లు దోపుకుని, ఫోన్లో సినిమా పెట్టుకుంది. హాలు నిశ్శబ్దంగా ఉంది కదా అని ఆయన మళ్ళీ కొలిచాడు. గీత ఇంకా నున్నగా వచ్చింది. ఎగిరి గంతేశాడు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. సోఫా ఖాళీ అయిందన్న సంగతి ఆయనకి తట్టనే లేదు.

ఆ గీతని తన బేస్ గ్రూపులో పెట్టాడు. ఆ గ్రూపు పెద్దని అందరూ 'బంగారు చెవి' అంటారు. స్పీకరు తీగ మారిస్తే గాయకుడు గుటక వేయడం కూడా వినపడుతుందని చెప్పుకునే ఘనుడు. ఆయన తలూపితే గ్రూపంతా తలూపుతుంది. ఆదివారం మధ్యాహ్నం స్వయంగా విచ్చేశాడు. పాపం నడుంనొప్పి. గట్టి కుర్చీ తన వల్ల కాదని వెళ్ళి మెత్తటి సోఫాలో, ఆ మూల సీట్లోనే కూలబడ్డాడు.

పాట మొదలైంది. బంగారు చెవి కళ్ళు మూసుకున్నాడు. "అబ్బబ్బ! ఇదీ గురూ బేస్ అంటే! నేరుగా పొట్టలోకి దిగింది!"

"అక్కడ కాదండీ, ఇక్కడ!" అని షాపాయన బతిమాలి, రెక్క పట్టుకుని తన కుర్చీలో కూర్చోబెట్టాడు.

బంగారు చెవి కాసేపు విని పెదవి విరిచాడు. "ఇక్కడేముంది? పథ్యం తిండిలా ఉంది. కోసి కోసి ప్రాణం తీసేశావయ్యా. ఆ సోఫాయే అసలైన చోటు. గ్రూపులో అదే రాస్తాను."

షాపాయనకి తల కొట్టేసినట్టయింది. అతిథన్న మర్యాద కూడా మరిచిపోయాడు.

"అది బేసా! అది గోల! మూల కదండీ, చప్పుడంతా అక్కడే పోగుపడుతుంది. సినిమా పెడితే మాట ఒక్కటి వినపడదు. కాసేపు కూర్చుంటే తల దిమ్మెక్కిపోతుంది. ఆ సీట్లో మనిషన్నవాడు కూర్చోగలడా?"

మంచినీళ్ళ గ్లాసులతో భార్య గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడ వెనకాల అత్తగారు. బంగారు చెవికి గుమ్మంలోని నిశ్శబ్దం మాత్రం బాగా వినపడినట్టుంది, గబగబా నీళ్ళు తాగి నడుం పట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఆవిడ పడగ్గదిలోకి పోలేదు. వచ్చి ఆయన కుర్చీలో కూర్చుంది. ఆయన నించునే ఉంటే, మూల సీటు చూపించింది.

"అక్కడ కూర్చోండి."

కూర్చున్నాడు. సినిమాలో ఎవరో ఇద్దరు వానలో నిలబడి పెదవులు కదుపుతున్నారు. ఆయన వీపు వెనక గోడ గుద్దుతోంది.

"ఏమన్నాడు వాడు?"

"ఎంత బాగుందండీ! ఊపిరి తీయడం కూడా వినపడుతోంది."

"నాకొక్క ముక్క వినపడట్లేదే."

"కొత్త కదా," అంది ఆవిడ తెర మీంచి చూపు తిప్పకుండా. "అలవాటైపోతుంది."

ఆయన గోడకి కాస్త దూరం జరిగి చూశాడు. "పోనీ, రేపు మైకు ఈ సోఫాలో కూడా పెట్టి కొలుస్తాను."

"ఎందుకండీ, గీత పాడవుతుంది" అని ఆవిడ రిమోటు తీసుకుని ఇంకాస్త సౌండు పెంచింది.