ఎర్ర దిబ్బ వీపు

మొదట నా చేతిలో ఉన్నది గుప్పెడు ఎర్ర ఇసుక.

ఎండకు కాగిన ఇసుక. పిడికిలి ఎంత బిగించినా వేళ్ల సందుల్లోంచి జారిపోయే ఇసుక...

భీమిలి దాటాక, సంద్రం ఒడ్డున మా దిబ్బ. ఎవరిదీ కాదు. అందుకే అందరిదీ.

నేను చేపలు కొని అమ్ముతాను. లాభం లేనిదాని వంక చూడను. దిబ్బ వంక రోజూ చూసేవాణ్ని.

మా ఊరి పోలిరాజు పడవకు అదే గుర్తు. దిబ్బ ఎర్ర కొన, దాని వెనక దూరాన నల్ల కొండ — రెండూ ఒకే వరసలోకి వచ్చిన చోట వల వేస్తాడు. వరస తప్పితే చేప లేదు. అడుగున బండలు. వల చిరుగుతుంది.

పోలిరాజుకు చేప లేకపోతే నాకు కొట్టు లేదు.

ఇసుకలో ఖనిజం ఉందన్నారు. లారీలు వచ్చాయి.

పోలిరాజు పెళ్లాం సూర్యకాంతమ్మ చేపల బుట్ట లారీకి అడ్డం పెట్టి దాని పక్కనే కూర్చుంది. ఊరంతా ఆమె వెనక కూర్చుంది.

"గుర్తులెందుకయ్యా, ఫోన్లో దారి చూసుకోండి" అన్నాడొక అధికారి.

"ఫోను తడిస్తే సచ్చిపోతాది బాబూ" అన్నాడు పోలిరాజు. "దిబ్బ తడిస్తే సచ్చిపోతాదేటి?"

నవ్వాం.

దిబ్బను తవ్వకూడదని చట్టం చేస్తామన్నారు సర్కారువాళ్లు. హద్దులు రాసుకోవడానికి సర్వేయరు నరసింహమూర్తి వచ్చాడు.

పోలిరాజు ఆయన్ని పడవెక్కించాడు. మావాళ్లు దిబ్బను ఎప్పుడూ సంద్రం మీంచే చూశారు.

"అద్గదిగో, ఎర్రగా అవుపడతన్నాది సూడు బాబూ. ఆ కొస నుంచి ఈ కొసకి. అదే మా దిబ్బ."

"వెనకాల?"

"ఎనకాల ఏటుంటాది? ఎనక్కి మావెప్పుడెల్నాం!"

మళ్లీ నవ్వాం. ఆయన పడవ అంచున వాంతి చేసుకుంటూనే రాసుకున్నాడు.

చట్టం వచ్చింది. టపాకాయలు కాల్చాం. కంచె వేశారు. బోర్డు పెట్టారు — సంద్రం వైపు.

వెనక లారీలు ఆగలేదు.

అడిగితే పటం తీసి చూపించారు. మేము చెప్పిన హద్దే. సంద్రం వైపు ముఖం చట్టానిది. వీపు ఎవరిదీ కాదు...

రోజూ కొంత వీపు పోయింది. సంద్రం మీంచి చూస్తే మాత్రం దిబ్బ దిబ్బలాగే ఉండేది. అదే ఎరుపు. అదే కొన.

"ఎన్నుపూస తీసేత్తే మడిసి నిలబడతాడేటన్నా?" అంది సూర్యకాంతమ్మ నాతో.



తుఫాను వాన పడింది. ముఖం కూడా జారింది. బోర్డుతో సహా, కంచెతో సహా — సంద్రంలోకి.

ముఖాన్ని ఎవరూ తవ్వలేదు. ఎవరూ చట్టం మీరలేదు.

పోలిరాజు ఇప్పుడూ వేటకు వెళ్తాడు. నల్ల కొండ ఉంది. దానికి వరస కలిపే కొన లేదు. చేత్తో గాలిలో కొలుస్తాడు... ఇక్కడే, కాదు, కొంచెం అవతల...

ఈ పొద్దున చిరిగిన వల ఒడ్డుకు లాగాడు. చేప లేదు. వల మడతల్లో చెయ్యి పెట్టాను.

లెక్క తేలింది. చట్టం ఉంది. దిబ్బ లేదు.

నా చేతికి వచ్చింది గుప్పెడు ఎర్ర ఇసుక.

తడి ఇసుక. పిడికిలి విప్పాను...

జారలేదు.