మడుగోళ్ల చేను

గురురాజారావు ముప్పై రెండేళ్లు జమ్మలమడుగులో పిల్లలకు భూగోళం చెప్పాడు. ద్వీపమంటే ఏమిటో కొన్ని వేలమందికి చెప్పి ఉంటాడు గానీ, తాను మాత్రం ఒక్క ద్వీపం మీదా కాలు పెట్టలేదు. అలాంటివాడు అరవై అయిదో ఏట వసారాలో చాప పరుచుకుని, రంగు పెన్సిళ్లు చెక్కుకుని, పడవ ప్రయాణానికి పటం గీస్తూ కూచున్నాడంటే అదంతా శివమ్మ మేకల మహిమ.

శివమ్మది కావలిపల్లె. గండికోట జలాశయం నిండినప్పుడు మునిగిన ఊళ్లలో అదొకటి. నీళ్లు వీధి మొదట్లోకి వచ్చిన రోజు ఆమె మందను తోలుకుని బయటపడింది గానీ, మూడు మేకలూ ఒక పోతూ కావలిగుట్ట ఎక్కి దిగి రాలేదు. రెండు రోజుల్లో గుట్ట చుట్టూ నీళ్లు తిరిగాయి. ఊరు పోయింది, గుట్ట ద్వీపమైంది. అయిదేళ్లుగా శివమ్మ కొండాపురం దగ్గర పునరావాస కాలనీలో ఉంటోంది. వారానికొకసారి నీళ్ల ఒడ్డుకు నడిచిపోయి, నుదుటికి చేయి అడ్డం పెట్టుకుని చూసి, వచ్చి ఒకటే మాట చెప్పేది. "నా మేకలు ఉండాయి."

అవి మేకలు కావు, రాళ్లని మొదట్లో జనం నవ్వారు. తర్వాత జాలిపడ్డారు. పోయిన ఎండాకాలం కొడుకు ఆమెను కడపకు తీసుకుపోయి తలకు చూసే డాక్టరుతో మాత్రలు రాయించాడు. చెడ్డవాడేమీ కాదు. తల్లి ఎండలో ఒడ్డున ఎక్కడ పడిపోతుందోనని అతని భయం. ఆ మాత్రలు వేసుకుంటే శివమ్మ పగలంతా నిద్రపోయేది. డెబ్బై రెండేళ్లు పొద్దుతో పాటు లేచిన మనిషి.

భార్య ఇందిర పోయాక ఆదివారాలు గడవక గురురాజారావు ఆ కాలనీ పిల్లలకు పాఠాలు చెప్పడానికి పోయేవాడు. ఒకనాడు పిల్లలు వెళ్లిపోయాక శివమ్మ వచ్చి ఎదురుగా కూచుంది.

"అయివారూ, ఒక్క తూరి నన్ను గుట్టకాడికి తీసకపో. మేకలు లేకుంటే ఇంక ఒడ్డుకు పోను. ఆ మాత్రలు నేనే అడిగి మింగుతా. ఉంటే మాత్రం వాటిని పెంటలో పారేస్తా."

బేరం న్యాయంగానే ఉందనిపించింది ఆయనకు. కాదనడానికి ఒక్క కారణమూ తోచలేదు. అయితే దారి లేదు. గుట్టకు ఇవతల రెండు మైళ్ల దూరం మునిగిన తుమ్మచెట్లూ ముళ్లకంపా. చేపలవాళ్ల పుట్టీలు ఆ దిక్కుకు పోవు, వలలు చిక్కుకుంటాయని. ఇంజను పడవలు అసలే పోవు, ఫ్యానుకు కంప చుట్టుకుంటుందని.

"గాలితో పోయే పడవైతే పోవచ్చు సార్," అన్నాడు అన్సర్.

అన్సర్ ఆయన పాత శిష్యుడు. భూగోళంలో ముప్పై అయిదు మార్కులు దాటినవాడు కాడు. కువైట్‌లో ఒక పడవల క్లబ్బులో పడవలు కడిగే పనికి చేరి, పదేళ్లలో వాటిని నడపడం, బాగుచేయడం, చివరికి కట్టడం కూడా నేర్చుకుని వచ్చాడు. వచ్చినవాడు ఊరికే ఉండలేక పద్నాలుగు అడుగుల చెక్క పడవ ఒకటి కట్టి పెరట్లో బోర్లించి పెట్టాడు. వీధిలోవాళ్లు దాని మీద వడియాలు ఎండబెట్టుకునేవాళ్లు.

ఆ పడవకు తెరచాప ప్రొద్దుటూరులో తయారైంది. అన్సర్ తండ్రి కమాల్ బాషా అక్కడ షామియానాలు కుడతాడు. "నలభై ఏళ్లుగా గాలికి లేచిపోకుండా కుట్టినా. ఇప్పుడు గాలికి లేచిపోయేటట్టు కుట్టమంటాండాడు, సార్, మావాడు," అని నవ్వుతూనే ప్రతి అంచుకూ మూడు కుట్లు వేశాడు. తెరచాప కట్టే కొయ్య పులివెందుల నుంచి వచ్చింది. అక్కడి అరటి తోటల్లో గెలలకు ఊతం పెట్టే సరుగుడు కర్ర. బస్సు మీద వేస్తే కండక్టరు దానికీ ఒక టికెట్టు కొట్టాడు.

అనుమతి కోసం గురురాజారావు జలాశయం ఆఫీసుకు నాలుగుసార్లు తిరిగాడు. దరఖాస్తులో 'ప్రయాణ ఉద్దేశం' అన్నచోట నిజమే రాశాడు: మేకలను చూచుటకు.

గుమాస్తా కళ్లద్దాలు తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "మేకలు చూసేదానికి నాలుగు రోజులా, సార్?"

"పడవ దించే రేవు గుట్టకు చాలా దూరం. పోను రెండు రోజులు, రాను రెండు రోజులు. గాలి పది గంటలకు లేస్తుంది, నాలుగింటికి పడుకుంటుంది. అది పడుకుంటే మేమూ ఒడ్డు పట్టాల్సిందే."

"గాలి కూడా మా ఆఫీసు లెక్కనే పనిచేస్తాంది," అన్నాడు గుమాస్తా. ముద్ర మాత్రం గట్టిగా వేశాడు. నాలుగు రోజులు, ఒక్క గంట ఎక్కువ లేదు.

ఇక మిగిలింది పటం. ఒడ్డు వెంబడి పోతే చాలదు. ఆఖరి రెండు మైళ్లు మునిగిన పొలాల మీద పోవాలి. పడవ అడుగున దించే పలకకు మూడడుగుల నీళ్లు కావాలి. నీళ్ల కింద ఎక్కడ పల్లమో ఎక్కడ మిట్టో చెప్పే పటం ఏ ఆఫీసులోనూ లేదు. శివమ్మ నోట్లో ఉంది. అరవై ఏళ్లు ఆ చేలల్లో మేకలు తోలింది. ప్రతి చేనుకూ ఒక పేరు తెలుసు ఆమెకు.

మూడు ఆదివారాలు ఆమె చెబుతూ పోయింది, ఆయన రాస్తూ పోయాడు. ఆమె ఎంత వడిగా చెప్పేదంటే, మందను దొడ్లోకి తోలుతున్నట్టే ఉండేది. "రేగడి చేను, దాని పక్కన ఈతవంక, వంక దాటితే మడుగోళ్ల చేను, ఆపక్క మిట్టోళ్ల చేను..."

ఆయన ఇంటికి వచ్చి శుభ్రంగా సాపు రాసుకున్నాడు. ముప్పై రెండేళ్లు పిల్లల పుస్తకాల్లో పల్లెమాటలు దిద్దిన చేయి. విన్నది విన్నట్టు రాయడం దానికి చేతకాదు. 'మడుగుల చేను' అని రాసి నీలం పూశాడు, మడుగంటే లోతు కాబట్టి. 'మిట్ట చేను' అని రాసి ఎరుపు పూశాడు. దూరంగా పెట్టి చూసుకుంటే పటం ఎంత ముచ్చటగా ఉందంటే, ఇందిర ఉంటే గోడకు తగిలించి ఉండేది.

సంక్రాంతి దాటిన వారం బయలుదేరారు. జొన్నరొట్టెలు, ఊరిబిండి పచ్చడి, నీళ్ల క్యాన్లు, మూడు నారింజరంగు జాకెట్లు. శివమ్మ కొడుకు ఒడ్డుదాకా వచ్చి, తల్లి జాకెట్టు కట్లు రెండుసార్లు సరిచూసి, మాత్రల అట్ట ఆమె కొంగున ముడివేశాడు.

"అవ్వా, నీకు ఈత వచ్చా?" అన్నాడు అన్సర్ చుక్కాని పట్టుకుంటూ.

"నా మేకలకు వచ్చా? అవి బతకలా?"

మొదటి రోజు పటంలో గీసినట్టే గడిచింది. తూర్పుగాలి మెత్తగా వీపు మీద చేయి వేసి నడిపించినట్టు నడిపించింది. సాయంత్రం ఒక రేవులో చేపలవాళ్లు అడగకుండానే కట్టెలు ఇచ్చారు, పడుకోవడానికి చోటు చూపించారు. ఇంత చల్లటి ఆదరణ మనిషికి ఉన్నట్టుండి దొరుకుతుందని గురురాజారావు మరిచిపోయి చాలా కాలమైంది.

రెండో రోజు మధ్యాహ్నానికి ఈతవంక దాటారు. కావలిగుట్ట ఎదురుగా బూడిదరంగులో లేచి నిలబడింది. గాలి బలపడింది. గురురాజారావు పటం మోకాళ్ల మీద పరుచుకుని వేలు చూపించాడు.

"నేరుగా పోనీ అన్సర్. నీలమే. మంచి లోతు."

పడవ వడి అందుకుంది. శివమ్మ ముందు కూచుని గుట్టనే చూస్తోంది. ఉన్నట్టుండి తల తిప్పింది.

"యాడికి పోతాండాం, అయివారూ?"

"మడుగుల చేను మీదికి."

"మడుగులేంది?"

"నువ్వు చెప్పినదే శివమ్మక్కా. వంక దాటితే మడుగు."

ఒక్క క్షణం ఆమెకు అర్థం కాలేదు. అయ్యాక మొగం పాలిపోయింది. "మడుగోళ్లది కదప్పా! మడుగు రామన్న వాళ్లది! అది మిట్ట. చుట్టూరా బండ కూసాలు పాతినాడు, కంచెకు. తిప్పు, అన్సరా, తిప్పు."

అన్సర్ చుక్కాని తోసి, చాప తాడు వదిలేశాడు. పడవ ఒరిగి తిరిగింది. పక్కన నీళ్లలో, జానెడు లోతున, నాపరాతి కూసం తల ఒకటి నల్లగా కనిపించి వెనక్కి జరిగిపోయింది. దాని వెనక ఇంకొకటి. ఆ వెనక వరసగా, పళ్లు బయటపెట్టినట్టు.

ఎండిన తుమ్మకొమ్మకు తాడు కట్టి నిలిపాక అన్సర్ మెల్లగా అన్నాడు. "సార్, పటంలో ఒకటి తప్పైతే ఇంక దేన్ని నమ్మేది? గాలి ఇంకో రెండు గంటలే. రేపు వెనక్కి తిరగకపోతే అనుమతి దాటిపోతాది. పోదాం పాండి."

శివమ్మ కొంగు ముడి తడుముకుంది. గురురాజారావు ఆ చేయిని చూశాడు. తప్పు గాలిది కాదు, నీళ్లది కాదు, ఆమెది అసలే కాదు. ఆమె సరిగ్గానే చెప్పింది. తానే ఆ మాటను దిద్ది, అందులోంచి మనుషులను తీసేశాడు.

"అక్కా, తప్పు నాది. మడుగోళ్లని నువ్వంటే మడుగని రాసినా," అన్నాడు. ఆయన నోట ఆ యాస వినడం అన్సర్‌కు అదే మొదటిసారి. "ఒక్కొక్క పేరే చదువుతా. మనిషా, మన్నా, చెప్పు."

"రేగడి?"

"మన్ను."

"ఈత?"

"మన్నే. చెట్టు."

"పల్లం చేను?"

"మనిషి. పల్లం నారాయణ. రాళ్లగడ్డ అది, పోవద్దు."

"మిట్ట?" అని, ఎర్రగా పూసిన చోట వేలు ఆపి, తనే దిద్దుకున్నాడు. "మిట్టోళ్లు?"

శివమ్మ కళ్లు మెరిశాయి. "మిట్టోళ్లు మనుషులే. వాళ్ల చేను అంత పల్లం మా ఊర్లోనే లేదప్పా. వానొస్తే మొలబంటి నీళ్లు నిలిచేవి. కూసం లేదు, చెట్టు లేదు. గుట్ట కింది దాకా అదే చేను."

అన్సర్ పటం లాక్కుని చూశాడు. లోతనుకుని నీలం పూసిన దారి పనికిమాలినది. దాటరాదని ఎర్రగా పూసిన చేను మాత్రం పడవ నిలిచిన చోటి నుంచి గుట్ట పాదం దాకా బారుగా పరుచుకుని ఉంది.

"గంట చాలు," అన్నాడు, తాడు విప్పుతూ. "అవ్వా, ఇంక నువ్వే చెప్పు. సార్, మీరు పటం మడిచి దాని మీద కూచోండి."

గడ పెట్టి చూస్తే అడుగు అందలేదు. తెరచాప నిండింది. కమాల్ బాషా మూడు కుట్లూ బిగిసి పాడినట్టు చప్పుడు చేశాయి. శివమ్మ చేయి చాపి కుడికనీ ఎడమకనీ చూపిస్తూ, అయిదేళ్లుగా లేని ఊరి మీదుగా, మిట్టోళ్ల చేను ఈ చివర నుంచి ఆ చివరకు పడవను మందలాగే తోలింది. నాలుగు కాకముందే పడవ ముక్కు గుట్ట ఇసుకలో దిగబడింది.

గుట్ట నిశ్శబ్దంగా ఉంది. కంప, రాళ్లు, ఎండిన గడ్డి. గురురాజారావు ఒక్కొక్క రాయినీ చూస్తూ పోయాడు. ఒకవేళ నిజంగానే రాళ్లైతే?

శివమ్మ దిగి, నాలుక అంగిలికి కొట్టి ఒక పిలుపు పిలిచింది. ఏమీ కదల్లేదు. ఇంకోసారి పిలిచింది.

పైన రాతి వెనక నుంచి ఒక తల లేచింది. గడ్డం నెరిసిన ముసలి మేక, ఎడమ చెవికి చీలిక. దాని పక్కన ఇంకొకటి. తర్వాత గుట్టంతా కదిలింది. నల్లవి, ఎర్రవి, మచ్చలవి, మనిషిని ఎన్నడూ చూడని పిల్లలు రాయి మీంచి రాయి మీదికి ఎగురుతూ. ముసలిది మాత్రం తడబడుతూ సగం దూరం దిగి వచ్చి, నిలబడి, మెడ చాపి వాసన చూసింది.

"దీని చెవి కోసింది నేనే," అంది శివమ్మ.

గుట్ట మీద ఫోనుకు సిగ్నలు దొరికింది. అన్సర్ ఆమె కొడుక్కు వీడియో కలిపి, ఫోను గుట్ట వైపు తిప్పాడు. అవతల గొంతు సవరించుకున్న చప్పుడు. "అమ్మను అడుగప్పా, పాలు ఇచ్చేవి ఎన్ని ఉండాయో."

శివమ్మ కొంగు ముడి విప్పింది. మాత్రల అట్ట చేతిలో పెట్టుకుని ఆలోచించి, మళ్లీ ముడి వేసింది.

"పారేస్తానంటివి కదా అక్కా?"

"ఈడ పారేస్తే ఇవి తిని పండుకుంటాయి, అయివారూ. ఇంటికాడ పారేస్తా."

సాయంత్రపు ఎండ గుట్ట మీద పసుపుగా పడింది. గురురాజారావు ఆఫీసుకు ఇవ్వాల్సిన కాగితం తీసి, 'ఫలితం' అన్నచోట కలం ఆపాడు. "అక్కా, ఎన్నని రాయమంటావు?"

"ముప్పై నాలుగు లెక్కకొచ్చినాయి. రెండు కడుపుతో ఉండాయి. రాళ్ల వెనక ఇంకా ఉండాయి. శానా ఉండాయని రాసుకో."

ఆయన రాశాడు: శానా ఉండాయి. ఒకసారి చదువుకున్నాడు. దిద్దలేదు.