ముచ్చికా, తోకా

నీహారికకి మూడో నెల. వేవిళ్లతో మంచినీళ్లు కూడా కడుపులో నిలవడం లేదు. ఇంకాస్త బరువు తగ్గితే హాస్పిటల్లో చేర్చి సెలైన్ ఎక్కించాల్సిందేనని డాక్టరమ్మ చెప్పిందట. శుక్రవారం మళ్లీ చూస్తుందట. కూతురికి వండి పెట్టడానికే నేను విజయవాడ నుంచి అమెరికాలో చాండ్లర్ వచ్చాను. వచ్చినప్పటి నుంచీ నేను పొయ్యి వెలిగిస్తే చాలు, అది బాత్రూమ్‌కి పరుగెడుతోంది. నాకేమో కాలు ఒకచోట నిలవడం లేదు.

"గ్రీన్స్ తినమన్నారు అత్తయ్యా" అంటూ మా అల్లుడు ఫణికుమార్ యాస్పరగస్ కట్ట తెచ్చాడు. పెన్సిలంత లావున పచ్చటి కాడలు. పెళ్లైన మర్నాటి నుంచి వండుతున్నదాన్ని, కాడలకి జంకుతానా? ముక్కలు కోసి, ఎండుమిరపకాయలూ ఇంగువా దండిగా వేసి పోపు పెట్టాను. మేడమీద నీహారిక పరుగు వినిపించింది. స్మోక్ అలారం కూడా దాంతోపాటే మోత మొదలెట్టింది.

మర్నాడు ఫణి గ్యారేజ్‌లో కరెంటు స్టవ్ పెట్టాడు. ఇక్కడ చాలామంది మనవాళ్లకి పోపులకీ చేపలకీ అదే వంటిల్లట. ఆ ఉక్కలో కారు పక్కన నిలబడి, చెమటలు కక్కుతూ శనగపిండి చల్లి వేయించాను. ఆ తర్వాత కొబ్బరికారం వేసి చూశాను. ఆ తర్వాత నువ్వులపొడి. తలుపు మూసుకుని వండినా నా చీరతోపాటు వాసన లోపలికి వచ్చేసేది. "అమ్మా, ప్లీజ్" అని అది ముక్కు మూసుకునేది. అన్నీ ఫణే తిన్నాడు. మునక్కాడలా నమిలి, పిప్పి కంచం పక్కన పెట్టి, "బావుంది అత్తయ్యా" అనేవాడు. ఆ మర్యాద చూస్తే నాకు ఒళ్లు మండేది. బావుంటే ఆ పిప్పేమిటి?

గురువారం పంతం వదిలేశాను. తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, పోపుల డబ్బా ముట్టుకోకుండా కాడల్ని ఆవిరి మీద ఉడికించి ఉప్పు చల్లాను. మూత తీసి చూసి, మళ్లీ పెట్టి, హాల్లోకీ వంటింట్లోకీ తిరుగుతూ దాన్ని పిలిచాను. మెల్లగా దిగి వచ్చింది. పరుగెత్తలేదు. ఒక ముక్క నోట్లో వేసుకుని నమిలింది. చాలాసేపు నమిలి, పీచు తీసి టిష్యూలో పెట్టింది.

"అమ్మా, టిప్స్ ఏవి?"

"అవేంటే?"

"పైన మొగ్గల్లా ఉంటాయి చూడు, అవి."

"అవెందుకు? బెండకాయకి ముచ్చికా తోకా తియ్యమూ? అలాగే రెండు చివరలూ కోసి పారేశాను."

"ఇన్ని రోజులూనా?"

"ఇన్ని రోజులూ."

"అమ్మా! అసలు తినేది అవే. కింద ముదురు భాగం విరిచి పారెయ్యాలి."

నాకు తల కొట్టేసినట్టయింది. పారెయ్యాల్సింది వండి, తినాల్సింది పారేశానన్నమాట. ఆ ఫణి నోరు తెరిచి ఒక్క మాట చెబితే ఏం పోయేది?

నీహారిక లేచి సింకు దగ్గరికి వెళ్లింది. చెత్త వేసే గిన్నె ఇంకా అక్కడే ఉంది. అందులోంచి మొగ్గలు ఏరి, కుళాయి కింద కడిగి, పచ్చిదే ఒకటి కొరికింది. నేను బాత్రూమ్ తలుపు వైపే చూస్తున్నాను. అది కదల్లేదు. ఇంకొకటి తీసుకుంది.

"ఉండవే, చిటికెలో ఉడికించి..."

"వద్దమ్మా! స్టవ్ జోలికి వెళ్లకు. నిమ్మకాయ ఉందా?"

నేను వచ్చాక అది నోరు తెరిచి అడిగింది అదొక్కటే. నిమ్మకాయ కోస్తుంటే ఏడుపొచ్చింది, ఉల్లిపాయ కూడా లేదు వంక పెట్టడానికి.

వంట చేసి పెడదామని అంత దూరం నుంచి వచ్చినదాన్ని, ఏమీ వండకుండా సింకు దగ్గర నిలబడ్డాను. చెత్తలోంచి ఒక్కో మొగ్గా ఏరి, కడిగి, నిమ్మరసం పిండి నా కూతురి చేతిలో పెట్టాను. తింది.