గుర్రం వెనక్కి తిరిగిన పేజీ

ఏ పుస్తకమైనా కళ్ళకద్దుకోకుండా తెరవడం హనుమత్ప్రసాద్‌కి చేతకాదు. అమీర్‌పేటలో ఆయనది జిరాక్సు షాపు. కోచింగు పిల్లలు తెచ్చే ఇంగ్లీషు నోట్సు కట్టలు కట్టలుగా బైండు చేస్తాడు. అందులో ఒక్క ముక్క అర్థం కాకపోయినా ప్రతి కట్టకీ ఓ దణ్ణం పెట్టుకున్నాకే పని మొదలుపెడతాడు. అందుకే ఆ ఆదివారం కూతురు హైందవి చేతిలో పెట్టిన లావుపాటి బొమ్మల పుస్తకాన్నీ ముందు కళ్ళకద్దుకుని, ఆ తర్వాతే అట్ట చూశాడు. అట్ట మీద గుర్రం, దాని మీద తుపాకీ పట్టిన మనిషి.

"హార్లన్!" అన్నాడు, చిన్ననాటి స్నేహితుడు ఎదురైనట్టు.

"మళ్ళీ అచ్చువేశారు నాన్నా. నాకు అన్నం తినిపిస్తూ ఈయన కథలేగా చెప్పేవాడివి!" అంది హైందవి. యానిమేషన్ కంపెనీలో బొమ్మలు వేసే పిల్ల. తండ్రి కళ్ళలో వెలుగు చూసి మురిసిపోయింది.

ప్రసాద్ చిన్నప్పుడు తెనాలిలో వాళ్ళ నాన్నది చిన్న కిరాణా కొట్టు. పెద్దకొడుకు రఘురామ్‌ని కాన్వెంటులో వేశారు, చిన్నవాడైన ప్రసాద్‌ని మునిసిపల్ బడిలో. స్టేషన్ దగ్గర పాత పుస్తకాల బండి మీంచి అన్న ఈ అమెరికా బొమ్మల పుస్తకాలు తెచ్చేవాడు. డాబా మీద బోర్లా పడుకుని అన్న చదివి తెలుగులో చెబుతుంటే, తమ్ముడు బొమ్మలు చూస్తూ ఊకొట్టేవాడు. గుళ్ళో పురాణం చెప్పే శాస్త్రిగారిని, ఇది మూలంలో ఉందా అని ఎవరడుగుతారు? అన్ననీ తమ్ముడు అడగలేదు.

నాన్న పక్షవాతంతో మంచాన పడ్డ వారమే అన్న నది కథ చెప్పాడు. హార్లన్‌కీ తమ్ముడు టిమ్‌కీ ఉన్నది ఒక్కటే గుర్రం. నది దాటితేనే బతుకు. ఇంట్లో జబ్బుపడ్డ తండ్రి. 'నువ్వు వెళ్ళన్నా, ఇల్లు నేను చూసుకుంటా' అని గేటు దగ్గర చెయ్యెత్తి సాగనంపుతాడు టిమ్. అంతే కథ అన్నాడు రఘురామ్. వెనక రెండు కాగితాలు చినిగిపోయి ఉంటే, అవి ప్రకటనలురా అన్నాడు.

వారం తిరక్కుండానే, లెక్కల్లో బడికంతటికీ మొదటివాడైన ప్రసాద్, ఎవరూ అడక్కముందే కొట్లో కూర్చున్నాడు. "నువ్వు కాలేజీకి వెళ్ళన్నయ్యా, కొట్టు నేను చూసుకుంటా" అన్నాడు. ఆ మాటకి నాన్న మంచం మీదే ఏడ్చాడు.

ఇప్పుడు హైందవి ఆ కథే తీసింది. "ఇక్కడ చూడు నాన్నా, బొమ్మలు గీసినాయన మనుషుల్ని ఇంత చిన్నగా వేశాడు. మిగతాదంతా ఆకాశం. వాళ్ళెంత ఒంటరివాళ్ళో మాట లేకుండా చెప్పేశాడు."

"నాకూ ఆ ఆకాశం చూస్తే గుబులేసేది," అన్నాడాయన. "ఇదిగో, టిమ్ చెయ్యెత్తాడా? నువ్వు వెళ్ళన్నా అంటున్నాడు. చదువు."

హైందవి చదివి, ఆగింది. "అలా లేదు నాన్నా. అన్నా, నన్నొదిలి వెళ్ళకు అంటున్నాడు."

"సరిగ్గా చూడమ్మా."

"సరిగ్గానే చూశాను."

"పోనీలే, అక్కడికి కథ అయిపోయింది."

"ఎక్కడయిపోయింది? ఇంకా నాలుగు పేజీలుంటే!"

ఆ నాలుగు పేజీలకి ఇంగ్లీషు అక్కర్లేదు. నడి నదిలో హార్లన్ గుర్రాన్ని వెనక్కి తిప్పాడు. గేటు దగ్గరికొచ్చి తమ్ముణ్ణి ఎక్కించుకున్నాడు. తండ్రిని బండిలో పడుకోబెట్టి గుర్రానికి కట్టారు. 'వెళితే అందరం, లేకపోతే అందరం ఇక్కడే' అన్నాడట. అది మాత్రం హైందవి చదివి చెప్పింది.

పురాణం చెప్పే శాస్త్రిగారూ తన మాటలు కలుపుతారేమో. కలిపినా వినేవాడి మేలు కోరే కలుపుతారనుకున్నాడు ప్రసాద్ ఇన్నాళ్ళూ. లేచి చొక్కా వేసుకున్నాడు. అన్న ఉండే పంజాగుట్టకి మెట్రోలో ఒక్క స్టేషనే. అయినా నడిచాడు.

తలుపు తీసిన వదిన అరుణాదేవి, "రావయ్యా ప్రసాదూ! పిలవకుండా వచ్చావు, వానొస్తుందేమో!" అని నవ్వి కాఫీ పెట్టడానికి వెళ్ళింది. రిటైరైన అన్న బాల్కనీలో పేపరు చదువుతున్నాడు.

"అన్నయ్యా, హార్లన్ గుర్తున్నాడా?"

"ఎందుకు లేడ్రా! అట్లకాడ తుపాకీ చేసి అమ్మని బెదిరించేవాడివి."

"నది కథ చివర్లో ఏమవుతుంది?"

"ఏముందీ, నది మధ్య దాకా వెళ్ళి, గుర్రాన్ని వెనక్కి తిప్పి, ఆ తమ్ముణ్ణి..."

రఘురామ్ మాట అక్కడ ఆగిపోయింది. కాఫీ తెచ్చిన అరుణాదేవి ఇద్దరి మొహాలూ చూసి కప్పులు చప్పుడు కాకుండా పెట్టింది.

"ఆ కాగితాల్లో ప్రకటనలు కదా ఉన్నవి," అన్నాడు ప్రసాద్.

రఘురామ్ పేపరు మడిచి, "ఇద్దరం చదువుకునే రోజులట్రా అవి?" అన్నాడు. "నేను చదివాను కాబట్టే ఈ ఊళ్ళో నీకు షాపు పెట్టించగలిగాను."

"పెట్టించావు. కాదనను. కానీ, 'ప్రసాదూ, నువ్వుండిపోరా' అని ఒక్క మాట అడిగితే ఉండిపోయేవాణ్ణి కదా."

"కాదంటావేమోనని భయమేసింది. నేనూ చిన్నవాణ్ణేగా."

"రోజూ దీపం పెట్టి ఏమనుకుంటానో తెలుసా? స్వామీ, నా జన్మలో ఎవరూ అడక్కుండా నేనిచ్చింది నా చదువొక్కటే, దీన్ని చూసైనా నన్ను కాయి అనుకుంటాను. నేనిచ్చానేమిటి? నువ్వు తీసుకున్నావు. ఇక ఆ స్వామికేం చెప్పుకోను?"

రఘురామ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇంటికెళ్ళి పడుకో, కోపం దిగుతుంది. పై వారం నాన్న తద్దినం. ఎప్పట్లాగే పెందలాడే వచ్చెయ్."

ఎప్పట్లాగే అంటే, అన్న పిండాలు పెడుతుంటే తమ్ముడు వెనక కూర్చుని దర్భతో ఆయన భుజాన్ని తాకి ఉండటం. అన్న చేస్తే తమ్ముడూ చేసినట్టే. పంచుకుని విడిపోయిన అన్నదమ్ములైతేనే ఎవరింట్లో వాళ్ళు పెట్టుకుంటారు. వీళ్ళెప్పుడూ విడిపోలేదు.

"ఈసారి మా ఇంట్లో పెట్టుకుంటాను," అన్నాడు ప్రసాద్.

"అదేం మాటయ్యా, విడిపోయినవాళ్ళలాగా!" అంది అరుణాదేవి.

"అవును వదినా. పంతులుగారికి నేను వేరే చెప్పుకుంటాను," అని ఆయన చెప్పులు వేసుకున్నాడు.