రెండేళ్ల ఖాళీ

"ఈ ఫొటో ఎవరు పెట్టమన్నారు నాన్నా?" అంది కూతురు, లాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండా.

ఎవరూ పెట్టమనలేదు. జిరాక్స్ షాపువాడు రెజ్యూమే మీద అందరికీ పెడతాడు గనక, స్టోర్ కీపర్‌గా చేసిన ఈయనకీ పెట్టాడు. కూతురు దాన్ని తీసేసింది. తర్వాత తండ్రి పేరు పోయింది, పుట్టినతేదీ పోయింది. 'పై వివరాలన్నీ నిజమని ప్రమాణపూర్వకంగా తెలియజేస్తున్నాను' అనే ఆఖరి వాక్యం కూడా పోయింది.

"ఇది ఉండాలేమో కదమ్మా?"

"ఇప్పుడెవరూ పెట్టట్లేదు. కాఫీ చల్లారేలోపు వంద రెజ్యూమేలు చూస్తారు వాళ్లు. ఒక్క పేజీ దాటకూడదు."

తను ఉద్యోగంలో చేరి నిండా ఏడాది కాలేదు, అప్పుడే పెద్ద ఆరిందా. ఆయన తలూపాడు. భార్య పోయినప్పటినుంచీ అంతే. పెడితే తినడం, పడుకోమంటే పడుకోవడం. దుఃఖమైనా లేదు, ఏమీ లేదు. చుట్టాలు వచ్చి చూసి, మనిషి రాయిలా ఉన్నాడే అని చెవులు కొరుక్కుని వెళ్లారు.

"ఇక్కడ రెండేళ్లు ఖాళీ ఉంది నాన్నా."

"మీ అమ్మకి బాగోలేదుగా. మానేశానుగా."

"నాకు తెలుసు. చూసేవాళ్లకి ఖాళీ ఒక్కటే కనిపిస్తుంది, పక్కన పడేస్తారు. పాత కంపెనీ ఎలాగూ ఈ మధ్యే మూతబడింది, అడుగుదామన్నా ఎవరూ లేరు. మూతబడేదాకా నువ్వు అక్కడే చేసినట్టు పెట్టేస్తా. సరేనా?"

"నీ ఇష్టం."

ఈ మాట అన్నది ఎవరనుకున్నారు! యజమాని బావమరిది వచ్చి "సరుకు దారిలో ఉంది, వచ్చినట్టు రాసేసుకోవయ్యా" అంటే, లారీ గేటు దాటి లోపలికొచ్చేదాకా పెన్ను మూత తీయని మనిషి. కళ్లతో చూడని బస్తాకి సంతకం పెట్టిన పాపాన పోలేదు. వెనకాల అందరూ చాదస్తం అని నవ్వుకునేవాళ్లు. అలాంటివాడు రెండు ముక్కల్లో రెండేళ్లు ఒప్పేసుకున్నాడు.

కూతుర్ని అనడానికీ లేదు. ఇల్లు ఆమె ఒక్కదాని జీతం మీద నడుస్తోంది. అంతకంటే, తండ్రి పొద్దస్తమానం అమ్మ పడుకున్న ఆ ఖాళీ మంచం ఎదురుగా కుర్చీ వేసుకు కూర్చోవడం చూడలేకపోతోంది. ఎలాగైనా ఆయన్ని గడప దాటించాలి. అందుకే ఆ పేజీని బడికి పంపే పిల్లాడిలా ముస్తాబు చేసింది. తేదీలన్నీ కుడిపక్కకి ఒకే వరసలో జరిపింది, హెడ్డింగులు ముదురు అక్షరాల్లో పెట్టింది, చుట్టూ సరిపడా తెల్లజాగా వదిలింది.

ఇంటర్వ్యూ చేసినావిడ కళ్లజోడు సర్దుకుని కాగితం చూసింది.

"ముచ్చటగా ఉందండీ. వెతుక్కోనక్కర్లేకుండా అన్నీ కనిపిస్తున్నాయి" అని మెచ్చుకుని, "ముందటేడు వానలకి అటువైపు గోడౌన్లన్నీ మునిగాయి కదా, సరుకెలా కాపాడారు?" అని అడిగింది.

నీళ్లు నమలాల్సిన చోటు. ఆయన నమలలేదు. ఆ రోజు అక్కడ జరిగినదంతా గోడౌన్లో తన కింద పనిచేసిన అసిస్టెంటు అప్పట్లోనే ఫోనులో చెప్పాడు. బస్తాలు పై అరలకి ఎక్కించడం, గుమ్మానికి ఇసుకమూటలు అడ్డం వేయడం, మోటారు తెప్పించి నీళ్లు తోడించడం, అన్నీ తానే దగ్గరుండి చేయించినట్టు ఈయన ఆవిడకి పూసగుచ్చి చెప్పాడు.

"పొద్దుట్నుంచీ మీరు అక్కడే ఉన్నారా?"

"అక్కడే ఉన్నానండీ."

నిజానికి ఆ రోజు తమ అపార్ట్‌మెంటులో కరెంటు పోయి లిఫ్టు ఆగిపోయింది. ఆసుపత్రికి టైమైపోతోందని ఆయన భార్యని చేతుల మీద ఎత్తుకుని మెట్లు దిగాడు. "బరువుగా ఉన్నానా?" అందావిడ, మెడ చుట్టూ చేతులు వేసి. "నీకంటే సిమెంటు బస్తా నయం" అన్నాడు. చిక్కి సగమైన మనిషి, ఆ మాటకి పకపకా నవ్వింది. ఇదంతా గుర్తొచ్చినా ఆయనకి ఏమీ అనిపించలేదు. సోమవారం వచ్చి చేరమన్నారు. దణ్ణం పెట్టి లేచాడు.

తలుపు తీసిన కూతురు ఆయన మొహం చూసి ఏమీ పోల్చుకోలేక, "ఏమైంది?" అంది.

"వచ్చింది."

"చెప్పానా! ఖాళీ సంగతేమైనా ఎత్తారా?"

"లేదమ్మా. వానల రోజున ఎక్కడున్నావన్నారు. గోడౌన్లోనే ఉన్నానన్నాను. నమ్మేశారు."

బూట్లు విప్పుకోవడానికి వంగినవాడు అలాగే ఉండిపోయాడు. ఎంతసేపటికీ తల ఎత్తకపోయేసరికి కూతురు దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

"నేను గోడౌన్లో ఉంటే, మరి మీ అమ్మ దగ్గర ఎవరున్నట్టమ్మా?" అన్నాడు. అని, గుమ్మంలోనే కూలబడి భోరుమన్నాడు.