వర్సాయ్ దాకా నడక

సులోచన నారాయణగూడలో ఒక ఆడపిల్లల బడిలో ముప్పై ఒక్క ఏళ్ళు సోషల్ చెప్పింది. ఫ్రెంచి విప్లవం పాఠంలో ఒక వాక్యం ఏటా చదివించేది: "పారిస్ స్త్రీలు వర్సాయ్‌కి నడిచి వెళ్ళి రాజును నిలదీశారు." మూడు మార్కుల ప్రశ్న. పిల్లలు రాసేవాళ్ళు, ఆమె టిక్కు పెట్టేది. ఎంత దూరమని ఏ పిల్లా అడగలేదు. ఆమెకూ తట్టలేదు. ఆమె ప్రాణమంతా వర్సాయ్ కోటలోని అద్దాల మహలు మీదే. పుస్తకంలో అగ్గిపెట్టెంత బొమ్మ. బతికుండగా ఒక్కసారి దాని నడుమ నిలబడాలి. ఇంకో కోరిక లేదు.

2013 మే నెలలో చిక్కడపల్లి ట్రావెల్స్ ఒకటి ముప్పై నలుగురిని పారిస్‌కు తీసుకుపోయింది. రిటైరైన డబ్బుతో సులోచన ఆ గుంపులో చేరింది. పక్క సీటు బుగ్గమ్మది. చిక్కడపల్లి మార్కెట్లో నలభై ఏళ్ళుగా కూరగాయలమ్మే మనిషి. ఆమె కూతురు రోజా సులోచన దగ్గరే చదువుకుంది, అశోక్ నగర్‌లో కోచింగ్ తీసుకొని బ్యాంకు ఉద్యోగం కొట్టింది. అమ్మను టూరుకు పంపుతూ, "టీచర్, మా అమ్మను ఒక్కదాన్ని ఇడిసిపెట్టకుండ్రి" అని అప్పగించింది.

మూడో రోజు పొద్దున బస్సు పారిస్ నగరసభ భవనం ముందు ఫొటోల కోసం ఆగింది. అక్కణ్ణుంచి నేరుగా వర్సాయ్. సులోచన గద్వాల చీర కట్టింది, ఈ రోజు కోసమే దాచిన చీర.

"టీచరమ్మ, గీ బంగ్లా ఎవలది?" బుగ్గమ్మ అడిగింది.

"మన మున్సిపాలిటీ ఆఫీసు లెక్క. రొట్టె దొరకక ఆడోళ్ళు ఈడికెల్లే రాజు మీదికి పోయిండ్రు. చేపలు, కూరగాయలు అమ్మేటోళ్ళు."

బుగ్గమ్మ ఆగిపోయింది. "కూరగాయలమ్మేటోళ్ళా? ఇరవై ఏండ్ల సంది నా గంపల బెండకాయలన్ని ఇరిసి ఇరిసి చూస్తివి గని, గీ ముచ్చట ఒక్కనాడన్న చెప్పకపోతివి! ఎంత దూరం పోయిండ్రు?"

సులోచనకు తెలియదు. టూరు నడిపే హర్షను అడిగింది. ఇరవై కిలోమీటర్లట, బస్సులో ముప్పావు గంట.

"బస్సులల్ల పోయిండ్రా వాళ్ళు?"

"నడిచే పోయిండ్రు బుగ్గమ్మా. వానల. ఫిరంగులు గుంజుకుంట."

"అయితే నేను గూడ నడుస్త."

హర్ష పరేషాన్ అయ్యాడు. "అమ్మా, జర సమజ్ చేస్కోండ్రి. పదకొండుకు కోట టికెట్లు. అవతల సెంటు షాపు, లంచు..."

"సెంటు నువ్వే పూసుకో బిడ్డ."

"దారి తెలుసా మీకు?"

"నది పొంటి పోత. నది ఏడికి వోతది?"

"టీచర్, మీరన్నా చెప్పుండ్రి!"

సులోచన బస్సు మెట్టు మీద నిలబడిపోయింది. పైకెక్కితే అద్దాల మహలు. దిగితే ఇరవై కిలోమీటర్ల తారు రోడ్డు. "నా మహలు బుగ్గమ్మా..." అంది.

"పో టీచరమ్మ. నిన్ను రమ్మన్ననా నేను?"

ఆ మాటకు కోపమొచ్చింది. బుగ్గమ్మ మీద కాదు, తన మీద. ఇన్నేళ్ళు చెప్పిన పాఠంలో దూరం ఎంతో తెలియని తన మీద. హర్ష చేతిలోంచి మ్యాపు గుంజుకొని దిగిపోయింది. బస్సు వెళ్ళిపోయింది.

నది పక్కన నడిచారు. ఎన్ని వంతెనలు! రాళ్ళతో కట్టిన గట్లు, ఇళ్ళంత పడవలు, ఎటు చూసినా నిలబెట్టేసే నగరం. ఐఫిల్ టవర్ కింది నుంచి పోతుంటే మెడలు నొప్పి పుట్టాయి. "మంచిగనే ఉంది" అని బుగ్గమ్మ ఆగకుండా నడిచింది. ఆమె ఆలోచన వేరే.

"పాలు తాగే పిల్లల్ని ఎవలకు ఇచ్చి పోయిండ్రు టీచరమ్మ?"

"తెల్వదు."

"తొవ్వల ఏం తిన్నరు? ఇంట్ల రొట్టె లేకనే గద బయలెల్లింది?"

"తెల్వదు బుగ్గమ్మా."

నది ఒడ్డు వదిలాక దారి ఎత్తెక్కింది. చెప్పులు కరిచాయి. సులోచన వాటిని విప్పి చేత పట్టుకుంది. ఈ ఎత్తు మీదికి తడి బట్టలతో ఫిరంగి గుంజారు. ఆ తల్లుల పిక్కలెంత నొచ్చాయో పుస్తకం రాసినవాడు రాయలేదు. పాఠం చెప్పిన తనకైనా సిగ్గుండాలి. దీన్ని మూడు మార్కులకు కుదించి ముప్పై ఒక్క ఏళ్ళు జీతం తీసుకుంది.

చెట్టు కింద కూచుని బుగ్గమ్మ సంచిలోని పులిహోర పొట్లం పంచుకున్నారు. "తెలంగాణ కోసం మిలియన్ మార్చ్ నాడు అశోక్ నగర్ గల్లీలల్ల పడి ట్యాంక్‌బండ్ మీదికి వోయిన" అంది బుగ్గమ్మ. "రెండడుగుల దూరం. గంతకే, పోలీసోళ్ళను చూసి నా కాళ్ళు వణికినయ్. గీ ఆడోళ్ళు మనుషులా, ఇంకేమన్ననా?"

చిక్కడపల్లి నుంచి అంబర్‌పేట్‌కు రెండుసార్లు పోయి వచ్చినా ఇంత దూరం కాదు. సాయంత్రం ఆరు దాటాక ఒక వెడల్పాటి రోడ్డు ఎదురైంది. రెండు పక్కలా చెట్ల వరసలు. దాని చివర, ఆకాశాన్ని అడ్డంగా కోసినట్టు, కోట. బంగారు పూత గేటు ఎండలో భగ్గుమంటోంది.

జనం బయటికి వస్తున్నారు. కాపలావాడు చెయ్యి అడ్డం పెట్టి తల ఊపాడు. ఇక లోపలికి పంపరు.

ఏడుపొస్తుందనుకుంది సులోచన. రాలేదు. చువ్వలు పట్టుకొని కోటను చూసింది. ఎంత కోట! కన్ను ఒక కొన నుంచి రెండో కొనకు పోయేలోపు అలిసిపోయింది. చీకట్లో, తడిసి, ఆకలితో వచ్చినవాళ్ళు దీన్ని చూసి వెనక్కి తిరగలేదు.

"రాజు ఏమన్నడు మరి?" బుగ్గమ్మ రాళ్ళ మీద కూలబడి అడిగింది.

"తెల్లారి పెండ్లాం పిల్లలతోని సహా రాజును పారిస్‌కు తీస్కపోయిండ్రు."

"మల్ల నడిచే?"

"నడిచే."

బుగ్గమ్మ వచ్చిన దారి వైపు మళ్ళింది. సులోచన కోటను వదిలి ఆమె పక్కన కూచుంది. ఇద్దరూ ఆ రోడ్డునే చూశారు.

ఫోను మోగింది. హర్ష. "టీచర్! ఏడున్నరు? వర్సాయ్ చేరిండ్రా? లోపలికి పోయిండ్రా?"

"పోలేదు."

"అయ్యో! మరి పొద్దటి సంది ఏం చూసిండ్రు?"

సులోచన ఫోను బుగ్గమ్మ చేతికిచ్చింది.

"దూరం చూసినం బిడ్డ" అంది బుగ్గమ్మ. "ఏదన్న బండి తోలు. కాళ్ళు లేస్తలెవ్వు."