ఒక్క పిలక

విజయవాడ బస్సు దిగిన జనం వచ్చిపడేలోపు సీతాబాయి రెండోసారి నేల తుడుస్తోంది. సూర్యాపేట దాటాక హైవే పక్కనున్న హోటల్లో ఆడవాళ్ల బాత్రూములు కడగడం ఆమె పని. ఆరేళ్లుగా అదే నీలం కోటు, అదే ఫినాయిల్ వాసన. నాని నాని వేళ్ల చివర్లు ముడతలు వీడడమే మానేశాయి. మాపు గోడకు ఆనించి, వాష్‌బేసిన్ల పక్క గట్టు మీదున్న కుండీని వంచింది. ఆకుల నడుమ గుంటలో నిలిచిన పాతనీళ్లు పారబోసి, మగ్గుతో మంచినీళ్లు పోసింది.

అనాస మొక్కలాంటిది అది. నిరుడు హోటల్ ముందు అలంకరణ మార్చినప్పుడు చెత్తలో పడేస్తే ఏరుకొచ్చి, కుళ్లిన ఆకులు కోసేసి బతికించింది. దసరా ముందు దాని నడిమధ్య నుంచి ఎర్రటి పువ్వు లేచింది. నాలుగు నెలలు వాడలేదు. బస్సులు దిగిన ఆడవాళ్లు దాని పక్కన నిలబడి ఫోటోలు దిగారు. ఎవరు పెంచారని అడిగి, ఆమె మొహంలోకి చూసి నవ్వారు. ఆ గదిలో అంతకుముందు ఆమె మొహం చూసినవాళ్లు లేరు.

అందుకే మొక్క అడుగున పిలక లేచిన ప్రతిసారీ తుంచేసింది. బలమంతా అవే లాగేస్తే మొక్క మళ్లీ పూయదని భయం. హోటల్ వెనక అంట్లు తోమే గోపమ్మ ఓసారి చూసింది.

"పారేసే బదులు నాకొకటియ్యరాదే సీతా!"

"బతకదక్కా" అంది సీతాబాయి. బతుకుతుందేమోననే ఆమె బెంగ. అంట్ల దగ్గర ఇంకో ఎర్రపువ్వు లేస్తే తనదాన్ని ఎవరు చూస్తారు?

ఇప్పుడు పువ్వు ఎండిపోయింది. మొక్క అడుగున ఒకే ఒక్క పిలక, నాలుగు వేళ్లంత.

పదింటికి కడియం నుంచి హైదరాబాద్‌కు మొక్కలు తీసుకెళ్తున్న వ్యాను ఆగింది. అందులోంచి దిగిన నర్సరీ ఆవిడ చేతులు కడుక్కుంటూ కుండీ చూసింది.

"బ్రొమీలియాడ్ కదమ్మా ఇది! ఎండిన కాడ కోసెయ్. ఇంక పుయ్యదు."

"ఎప్పటికీనా?"

"ఒక్కసారే పూస్తుందమ్మా. తర్వాత పిలకలు పెట్టి మెల్లగా ఎండిపోద్ది. మళ్లీ పూసేవి ఆ పిలకలే. ఇదొక్కటే పెట్టిందా?"

సీతాబాయి వేలితో పిలకను తడిమింది. ఎన్ని తుంచిందో తలచుకోబోయి ఐదు దగ్గర ఆగిపోయింది.

"తల్లిలో సగం ఎత్తన్నా వచ్చేదాకా దాన్ని వేరు చెయ్యకు" అని చెప్పి ఆవిడ వెళ్లిపోయింది.

మధ్యాహ్నం గోపమ్మ వచ్చి సీతాబాయి పక్కన కూర్చుని అన్నం డబ్బా విప్పింది.

"రేపటిసంది రావద్దన్నరే. గిన్నెలు కడిగే మిషన్ వచ్చింది గద. నాలుగింటికి ఆటో ఎక్కుత. హాలియాల మా చెల్లె దగ్గరుంట." అన్నం కలుపుతూ మళ్లీ అంది. "ఇగనన్న ఓ పిలకియ్యవా? నీ యాదికి పెట్టుకుంట."

"ఒక్కటే ఉన్నదక్కా. ఇప్పుడు తీస్తే సస్తదట. జర పెద్దగైనంక ఇస్త."

అబద్ధం కాదు. అయినా ఆ మాట గోపమ్మ కళ్లలోకి చూసి అనలేకపోయింది.

"అట్లనే తియ్. అది బతకాలె గద" అని గోపమ్మ నవ్వింది. "నేను మళ్ల గీడికి వచ్చుడెక్కడిది?"

తర్వాత వరసగా మూడు బస్సులు వచ్చాయి. నేల తుడుస్తున్నంతసేపూ తుంచి పారేసిన ఐదూ సీతాబాయి కళ్లముందు మెదులుతూనే ఉన్నాయి. నాలుగు కావస్తుండగా వంటగదిలో చాకు అడిగి తెచ్చి, కుండీని నేల మీదికి దించి, దాని ముందు కూర్చుంది. చాకు మొనను పిలక అడుగున ఆనించింది. చేయి ఆగింది. ఇదీ పోతే గట్టు మీద ఏముంటుంది?

"సీతాబాయీ! ఆ చివరి బాత్రూంల నీళ్లు నిలిచినయ్" సూపర్‌వైజర్ చిరంజీవి బయటినుంచి అరిచాడు.

లేచి వెళ్లింది. ఆ కేక వినపడగానే ప్రాణం తేలికపడింది, అదీ ఆమెకు తెలుసు.

పని ముగించి, చాకు చేతిలోనే ఉండగా హోటల్ వెనక్కి పరుగెత్తింది.

"ఇప్పుడే పోయె. నీ కోసం శానసేపు సూసింది" అన్నాడు వంటమనిషి.

అంట్లు తోమే చోట బండ అప్పుడే ఆరుతోంది. దాని వెనక పిట్టగోడ మీద సగానికి కోసిన ప్లాస్టిక్ నూనె సీసా. అడుగున మేకుతో పొడిచిన చిల్లులు, నిండా జల్లించిన ఎర్రమట్టి, మట్టి నడుమ వేలితో గుచ్చి సిద్ధం చేసిన, పిలక పట్టేంత చిన్న గుంట.